మగ్గం గుంట పైన రేకు కాలువ

నేను ఒక రేకు కాలువను. పెంకుటింటి చూరుకు వేలాడుతూ, పైనుంచి జారే వాన నీటిని ఒడిసిపట్టి పక్కకు పంపడం నా పని. కాకినాడలో ఒక రేకుల కొట్టులో, కర్ర సుత్తి దెబ్బలకు ఒళ్లు వంచుకుని పుట్టాను. అక్కణ్ణుంచి బస్సు టాపు మీద వెల్లకిలా పడుకుని, మబ్బులు చూసుకుంటూ సముద్రపొడ్డున ఉన్న ఒక నేతగాళ్ల వీధికి వచ్చాను.

నన్ను తెచ్చినవాడు బుల్లివీరయ్య. ఆయన భార్య నాగరత్నం వీధి గోడ పక్కనే గుంట మగ్గం మీద జరీ చీరలు నేసేది. గుంటలోకి కాళ్లు వేలాడేసుకుని కూర్చుంటేనే ఆ మగ్గం ఆడుతుంది. కిందటి వానాకాలం చూరు నీళ్లు గోడ అడుగునుంచి గుంటలోకి ఊరాయి. ఆ తడిలో నాని నాని ఆమె మోకాళ్లు వాచిపోయాయి. మళ్లీ అలా అయితే మగ్గం మానుకోవాల్సిందేనన్నాడు డాక్టరు. మగ్గం లేకుండా రోజెలా గడుస్తుందో ఆమెకు ఊహకే అందలేదు.

బుల్లివీరయ్య నన్ను తన చేత్తోనే బిగించాడు. మగ్గం మీద పడుగు దారాలు సరిచేసినట్టు ఈ చివరనుంచి ఆ చివరకు తాడు లాగి, వెంట్రుకవాసి తేడా రాకుండా కొక్కేలు కొట్టాడు. వీధిలోకి వెళ్లి నన్ను చూసి మురిసిపోయాడు.

“కాస్త వాటం ఉండొద్దాండీ? నీళ్లెలా పోతాయి?” అంది నాగరత్నం గడపలోంచి.

“వాటం పెడితే ఇల్లే ఒరిగినట్టుంటాదే. చూసినోళ్లు నవ్వరూ?” అన్నాడు.

మనుషులకు సొగసంటే మోజు. నీటికి కావలసింది పల్లం.

మొదటి వానకు నీళ్లు నాలో నిలిచిపోయాయి. ఆ బరువుకు నా నడుము కుంగి, అన్నీ మగ్గం గోడ మీదికే పొర్లాయి. గుంట నిండింది. సగం నేసిన పెళ్లిచీర తడవకుండా నాగరత్నం రెండు చేతులా ఎత్తి పట్టుకుంది. బుల్లివీరయ్య గుంటలోకి దిగి చెంబుతో తోడుతూనే ఉన్నాడు. ఆయన తలెత్తలేదు.

వాన తెరిపిచ్చాక నిచ్చెన వేశాడు.

“నేను ఈ కొసన నీళ్లు పోస్తాను. ఆ కొసకి వస్తన్నాయో లేదో నువ్వు చెప్పు.”

ఆమె మోకాళ్లు పట్టుకుని వచ్చి అరుగు చివర కూర్చుని, నా కింద దోసిలి పట్టింది.

“రాలేదండీ... నడిమి కొక్కెం కొంచెం పైకి... ఇటు చివరది ఇంకాస్త దించండి...”

అలా కొక్కెం తరవాత కొక్కెం. ఉన్నట్టుండి నాలో నీరు మేలుకుంది. పిల్లిలా మెత్తగా నడిచి ఆమె దోసిట్లోకి దూకింది.

“వచ్చేశాయండీ!” ఆ నీళ్లు ముఖాన చల్లుకుని ఆమె నవ్వేసింది.

“ఒంకరగా ఉందా?” నిచ్చెన మీంచి బెరుగ్గా అడిగాడాయన.

“ఉంది. బాగుంది, దిగండి.”

ఆ తరవాతి వానలన్నీ నాకొక కలలా మిగిలాయి. పైన నీటి నడక, కింద మగ్గం చప్పుడు. రెండూ కలిసిపోయి, నేను మోస్తున్నది నీళ్లో నూలో తెలిసేది కాదు. గుంట పొడిగా ఉండేది. ఆ పెళ్లిచీర ఎవరి ఒంటిమీదికో వెళ్లింది. నాగరత్నం జుట్టు నెరిసేదాకా నేసింది.

తరవాత పెంకులు తీసి ఆ ఇంటికి శ్లాబు పోశారు, నన్నూ ఊడదీశారు. నేనిప్పుడు పాత ఇనుము కొట్టులో, చక్రంలేని సైకిలు మీద ఒరిగి ఉన్నాను. ఇక్కడా వాన కురుస్తుంది. కాపాడవలసిన వాళ్లు కింద ఎవరూ లేరు. అయినా మబ్బు పడితే చాలు, నా కింద ఎవరో దోసిలి పట్టారేమోనని చూస్తాను.