జోగమ్మ ఇంట్లో ఇత్తడి పిస్తోలు

అర్జునరావు ఉక్కు కర్మాగారంలో ముప్పై నాలుగేళ్లు కొలతలు చూసే పని చేశాడు. మిల్లులోంచి వచ్చిన కడ్డీ సరైన మందంలో ఉందో లేదో చెప్పడమే ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక కొలవడానికి ఏమీ దొరక్క పాత సైనిక సామాన్లు పోగుచేయడం మొదలుపెట్టాడు. గాజువాకలో ఆయన ఇంటి ముందుగది నిండా యుద్ధకాలం నాటి నీళ్ల సీసాలు, సొట్టలుపోయిన హెల్మెట్లు, ముల్లు కదలని దిక్సూచి, ఒక ఎడమకాలి బూటు ఉండేవి. ఇంటికొచ్చిన చుట్టాలను ఆ బూటు పక్కనే కూర్చోబెట్టి దాని చరిత్రంతా చెప్పేవాడు. రెండేళ్లలో చుట్టాల రాకపోకలు బాగా తగ్గాయి.

ఇన్ని ఉన్నా ఒక్క తుపాకీ కూడా లేదన్న దిగులు ఆయన్ని తినేస్తూ ఉండేది. ఆ దిగులు తీర్చినవాడు బావమరిది దొరబాబు. పోర్టు దగ్గర ఓడలకు సరుకులు సప్లై చేసే దుకాణంలో పనిచేస్తాడతను.

"బావా, భీమిలిలో జోగమ్మని ఓ ముసలమ్ముంది. ఆవిడింట్లో పిస్తోలుంది. కళ్లారా సూసినాను," అన్నాడు ఒకరోజు.

"ఏం పిస్తోలు?"

"ఇత్తడిది. దాంతో ఎల్లుల్లిపాయలు దంచుతంది."

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ స్కూటరు మీద భీమిలి వెళ్లారు. జోగమ్మ అరుగు మీద కూర్చుని, పిస్తోలు గొట్టాన్ని గుప్పిట్లో పట్టుకుని, పిడితో నెత్తళ్లనే చిన్న ఎండుచేపల పచ్చడి నూరుతోంది. అర్జునరావు అరుగు మీదికి వంగి చూశాడు. పొట్టిగా, లావుగా ఉన్న ఇత్తడి గొట్టం. మూతి రెండు వేళ్లు దూరేంత వెడల్పు. పిడి పైన 1918 అని అంకెలు, పక్కన బాణం గుర్తు. అది గుండు పేల్చే పిస్తోలు కాదనీ, సిగ్నల్ పిస్తోలనీ ఆయన చూడగానే పోల్చుకున్నాడు. పూర్వం సైనికులు దాంతో ఆకాశంలోకి వెలుగు వదిలి, దూరంగా ఉన్నవాళ్లకు సంగతి తెలియజేసేవారు. వందేళ్లు దాటిన వస్తువు అలా పచ్చడిలో మునిగి తేలుతుంటే ఆయన చూడలేకపోయాడు.

"అమ్మా, ఇది ఇస్తారా? ఎంతైనా ఇచ్చుకుంటాను," అన్నాడు చివరికి.

"డబ్బులతో ఎల్లుల్లి నలగదు కదా నాయినా," అంది జోగమ్మ. "మా మాంగారు ఓడ మీంచి తెచ్చినప్పట్నించీ దీంతోనే దంచుతన్నాను. దీని బరువుకి సెయ్యి అలవాటైపోనాది. ఇంత బరువున్న రోకలొకటి తెచ్చీ, పట్టుకుపో."

అర్జునరావు సంచిలో ఎప్పుడూ ఒక స్ప్రింగు కాటా ఉంటుంది. పిస్తోలును కడిగి, తుడిచి, తూచాడు. కిలో నూట ఇరవై గ్రాములు. భీమిలి బజారులో ఉన్న సామాన్ల కొట్లన్నీ తిరిగి, రోకలి తర్వాత రోకలి కాటాకు వేలాడదీస్తుంటే దుకాణాలవాళ్లు తూనికల శాఖ మనిషనుకుని లేచి నిలబడ్డారు. ఒకాయన కూల్‌డ్రింకు కూడా తెప్పించాడు. దొరబాబు అది తాగేశాడు.

ఇనప రోకలి తెస్తే చేతికి చల్లగా ఉందంది జోగమ్మ. రాతిది తెస్తే బరువంతా కిందికి పోయిందంది. మధ్యాహ్నం రెండింటికి ఒక పాత సామాన్ల కొట్లో ఇత్తడి రోకలి దొరికింది, కిలో నూట పది గ్రాములు. జోగమ్మ దాంతో నాలుగు వెల్లుల్లి రెబ్బలు దంచి, పచ్చడి వేలితో నాకి, "ఉప్పు తగ్గినాది," అంది.

"ఉప్పుకీ రోకలికీ ఏం సంబంధం అమ్మా?"

"ఏటో మరి. పాతదాంతో ఐతే సరిపోయేది."

అప్పుడు దొరబాబు ముందుకొచ్చి, ఆ పచ్చడితో రెండు పళ్లేల అన్నం తిని, దీని ముందు పిస్తోలు పచ్చడి దిగదుడుపేనని ప్రమాణం చేశాడు. పిస్తోలు పచ్చడి అతను ఎన్నడూ తినలేదు. అయినా జోగమ్మ మనసు కరిగింది.

అర్జునరావు అన్నీ పద్ధతిగా చేసే మనిషి. పిస్తోలును ఇంటికి తీసుకెళ్లకుండా నేరుగా పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్లాడు. అక్కడి రైటరు దాన్ని అటూ ఇటూ తిప్పి వాసన చూశాడు.

"నెత్తళ్ల వాసనొస్తంది. దీంతో మనిషిని కాల్చొచ్చా?"

"కాల్చడం కుదరదండి. గుండు ఉండదు. పైకి వెలుగు మాత్రం పోతుంది."

"అంటే టార్చిలైటు."

"కాదండీ, పిస్తోలే. కాకపోతే వెలుగు పిస్తోలు."

"మీరు అలా పిస్తోలు పిస్తోలంటే నాను పెద్ద ఫారం తియ్యాలి," అన్నాడు రైటరు అలసటగా. చివరికి అర్జునరావు నాలుగు పేజీల అర్జీ రాసిచ్చాడు. గొట్టం పొడవు మిల్లీమీటర్లలో సహా అందులో ఉంది. రైటరు దాని మీద 'ఇత్తడి వస్తువు, ఒకటి' అని రాసి ముద్ర గుద్ది పంపించాడు.

ఆ రాత్రి భార్య ఈశ్వరి దాన్ని చూసి, "బూటు కంటే నయం," అంది. ఆవిడ నోట అంత మంచిమాట వినడం ఆయనకదే మొదలు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ పేల్చని పిస్తోలు కొలవని కడ్డీలా ఆయన్ని నిద్రపోనివ్వలేదు. వెలుగు ఎంత ఎత్తుకు పోతుందో, ఎన్ని సెకన్లు నిలుస్తుందో లెక్క తెలియాలి. తూటాల సంగతి దొరబాబు చూసుకున్నాడు. ఓడల్లోంచి గడువు తీరిపోయాక దించేసిన సిగ్నల్ తూటాలు మూడు తెచ్చాడు. వాటి మీద చీటీలు ఊడిపోయాయి.

"ఇవి ఏ రంగు?" అనడిగాడు అర్జునరావు.

"తెల్లవే బావా. గేరంటీ."

ఆదివారం సాయంత్రం నాలుగున్నరకి ఇద్దరూ యారాడ బీచికి చేరుకున్నారు. జనం తిరిగే వైపు కాకుండా, ఇసుక చివర రాళ్ల దగ్గర చోటు ఎంచుకున్నారు. అర్జునరావు ముప్పై మీటర్లు టేపుతో కొలిచి పుల్ల పాతాడు. వెలుగు లేచే కోణం చూసి ఎత్తు లెక్కకట్టడానికి పిల్లలు బళ్లో వాడే కోణమానిని దొరబాబుకిచ్చాడు. పిస్తోలు మడత విప్పి, తూటా పెట్టి, మూసి, చెయ్యి పైకెత్తి, కళ్లు గట్టిగా మూసుకుని మీట నొక్కాడు.

పెద్ద మోత ఏమీ రాలేదు. ఏనుగు దగ్గినట్టు ఒక శబ్దం వచ్చింది. కళ్లు తెరిచేసరికి మొహం నిండా పొగ. ఆ పొగలోంచి ఒక నిప్పుముద్ద రివ్వున లేచి, కొండ ఎత్తు దాటి, సముద్రం మీద ఆగి, ఎర్రగా భగభగ వెలుగుతూ మెల్లగా కిందికి దిగసాగింది.

అర్జునరావు నోరు తెరుచుకుని చూశాడు. జీవితంలో అంత అందమైన వస్తువు ఆయన చూడలేదు. సెకన్లు లెక్కపెట్టడం మరిచిపోయాడు.

తర్వాత గుర్తొచ్చింది. "దొరబాబూ, తెల్లదన్నావు."

"గడువు తీరిపోనాది కదా బావా. రంగు మారిపోయుంటాది."

సముద్రం మీద ఎర్ర వెలుగంటే ప్రాణాపాయంలో ఉన్నాం, కాపాడండి అని అర్థం. ఆ సంగతి అర్జునరావుకి తెలుసు. యారాడ జాలరిపేట అంతటికీ ఇంకా బాగా తెలుసు. అరనిమిషంలో పేటలోంచి కేకలు, ఇసుకలో పరుగులు. ఆడవాళ్లు కొంగులు బిగించి తెప్పలను నీళ్లలోకి తోస్తున్నారు. అర్జునరావు పిస్తోలు దొరబాబు చేతిలో పెట్టి, నిజం చెప్పేద్దామని వాళ్లవైపు పరిగెత్తాడు. ఎదురుగా వచ్చిన సూరన్న ఆయన రెక్క పట్టుకున్నాడు. సూరన్నకు యాభై ఏళ్లుంటాయి, ఆ ఒడ్డున అందరికంటే పెద్ద తెప్ప అతనిదే.

"ఎక్కణ్నించి లేసినాది బాబూ? నువ్వు సూసినావా?"

"అదేనయ్యా చెప్పబోతున్నాను. అది నేనే..."

"నువ్వే సూసినావా? ఐతే ఎక్కు. సోటు సూపిద్దువు."

ఇద్దరు మనుషులు ఆయన్ని సంచిలా ఎత్తి తెప్పలో వేశారు. మోటారు మోత మొదలైంది. ఆ మోతలో ఆయన మరో మూడుసార్లు "నేనే" అన్నాడు. ప్రతిసారీ సూరన్న తల ఊపి, "నువ్వే, నువ్వే, ఎటేపో సెప్పు," అన్నాడు. అర్జునరావు ఏదో ఒక వైపు చెయ్యి చూపించాడు. తెప్ప అటు తిరిగింది. తెప్ప కెరటం మీంచి కింద పడి పైకి లేచేసరికి ఆయన పొద్దున తిన్న పెసరట్టుతో సహా అన్నీ సముద్రంలో కలిశాయి.

ఒడ్డున దొరబాబు పరిస్థితి మరోలా ఉంది. చేతిలో పిస్తోలు, ఎదురుగా సూరన్న భార్య గంగాలమ్మ. ఆవిడ వస్తుండటం చూసి అతను పిస్తోలును చొక్కాలో దోపి బొత్తాలు పెట్టేసుకున్నాడు. గొట్టం ఇంకా వేడిగా ఉంది. చొక్కా కాలరులోంచి పొగ సన్నగా పైకి లేస్తోంది.

"ఏటి బాబూ, కడుపులోంచి పొగొస్తంది?" అంది గంగాలమ్మ.

"గ్యాసు ట్రబులండి," అన్నాడు దొరబాబు.

గంగాలమ్మ జాలిపడింది. అతన్ని ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి వాము నీళ్లు కాచి ఒక గ్లాసు తాగించింది. పొగ తగ్గలేదు. ఇంకో గ్లాసు తాగించింది. మూడో గ్లాసుకి బెల్లం అడిగాడు. లేదంది. పొట్ట బయట కాలుతూ, పొట్ట లోపల మండుతూ అతను ఎంతసేపని ఓర్చుకుంటాడు. నాలుగో గ్లాసు చూసి చొక్కా విప్పి పిస్తోలు చేటలో పెట్టేశాడు, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు.

అదే సమయానికి సముద్రంలో సూరన్న మోటారు ఆపాడు. చుట్టూ నీళ్లు తప్ప ఏమీ లేవు. తెప్పలో సూరన్న, అతని తమ్ముడు దుర్గారావు, మరో ఇద్దరు. ఇంతకంటే మంచి అదను రాదనుకున్నాడు అర్జునరావు.

"సూరన్నా, నన్ను సముద్రంలో తోసేసినా సరే. ఆ వెలుగు వదిలింది నేను. పాత పిస్తోలు పనిచేస్తుందో లేదో చూశాను. ఇక్కడ ఎవరూ మునిగిపోలేదు."

సూరన్న నీళ్లవైపే చూస్తూ, "తెలుసు," అన్నాడు.

"తెలుసా?"

"నీ మీసం నిండా మసుంది. తెప్ప ఎక్కినాక సూసినాను."

"మరి వెనక్కి తిప్పలేదేం?"

"ఈ దీపం నీదే అనుకో. అదే టైముకి ఇంకెవుడైనా ఇరుక్కుని ఉంటే? ఎర్రదీపం ఎగిరినాక ఓసారి తిరిగి సూడకపోతే నాకు నిద్దరట్టదు." నీళ్ల మీదికి వంగి, "ఐనా నువ్వు సెయ్యి సూపించింది మంచి సోటే," అన్నాడు.

దుర్గారావు అప్పటికే వల అందుకున్నాడు. తెప్పకు కుడివైపున నీళ్లు మరుగుతున్నట్టు కదులుతున్నాయి. కానాగడత చేపల గుంపు. ఆ తర్వాత అరగంటసేపు ఎవరూ అర్జునరావుతో మాట్లాడలేదు, "లాగు," అన్న ఒక్క మాట తప్ప. ఆయన లాగాడు. అరచేతులు ఎర్రబడ్డాయి. ఒక చేప చొక్కాలో దూరి నడుము దాకా ఈదింది. కక్కుకోవడం కూడా మానేసి లాగాడు.

వెలుతురు ఉండగానే తెప్ప ఒడ్డుకు చేరింది. దిగేముందు ఆయన క్షమాపణ వాక్యాలు మనసులో పేర్చుకున్నాడు. తీరా చూస్తే పేటంతా గంగాలమ్మ అరుగు ముందు వరసలో నిలబడి, చేటలో ఉన్న పిస్తోలును ఒక్కొక్కరే చేత్తో పట్టి చూసి పక్కకి తప్పుకుంటున్నారు. దొరబాబు పొట్ట మీద కొబ్బరినూనె రాసుకుని, ఎవరూ అడక్కపోయినా దాని చరిత్ర చెబుతున్నాడు.

గంగాలమ్మ మాత్రం అర్జునరావును వదల్లేదు. "జుట్టు నెరిసిన మనిషివి. దీపం ఎగిరితే మాకు గుండెలు గుప్పెట్లోకొస్తాయి. ఎవల ఇంటాయన పోనాడో అనుకుంటాం. తెలుసా నీకు?"

ఆయన తలదించుకుని, "తప్పయిపోయిందమ్మా," అన్నాడు. పేర్చుకున్న వాక్యాలేవీ పనికిరాలేదు.

"మిగిలినవి ఎన్నున్నాయి?"

"రెండు."

ఆవిడ చెయ్యి చాపింది. ఆయన రెండు తూటాలూ ఇచ్చేశాడు. వాటిని దొరబాబు దుకాణానికి తిప్పి పంపించే పూచీ తనదంటూ ఆవిడ బియ్యం డబ్బాలో పెట్టి మూత వేసింది. ఈలోగా ఎవరో ఫోను చేస్తే కానిస్టేబుల్ వచ్చాడు. జరిగింది విని, అర్జునరావు చూపించిన ముద్ర కాగితం చదివి, "ఇత్తడి వస్తువు ఒకటి అనుంది. వస్తువైతే ఎగరకూడదు కదా సార్," అన్నాడు. అర్జునరావు సంజాయిషీ రాయడానికి కూర్చున్నాడు. ముప్పై మీటర్ల పుల్ల దగ్గరికి వచ్చేసరికి కానిస్టేబుల్ కాగితం లాక్కుని, "ఇంకెప్పుడూ పేల్చను అని రాసి సంతకం పెట్టండి చాలు," అన్నాడు. సంతకం పెట్టాడు.

సూరన్న ఆయన వాటా అంటూ పన్నెండు కానాగడతలు కవరులో పోసిచ్చాడు. దొరబాబు బావ వీపుకి పొట్ట ఆన్చకుండా, స్కూటరు మీద వెనక్కి వాలి కూర్చుని ఘాట్ రోడ్డు మీద గాజువాక దాకా వచ్చాడు.

ఇంట్లో ఈశ్వరి చేపలు శుభ్రం చేస్తూ అన్నీ విన్నది. పెసరట్టు, పొగ, వాము నీళ్లు, గంగాలమ్మ చీవాట్లు, సంతకం, ఏదీ దాచకుండా చెప్పాడు ఆయన. చేపలు వేపుడయ్యాక పళ్లెంలో వడ్డించి, ఎదురుగా కూర్చుంది.

"మరి నన్ను తీసుకెళ్లలేదేటి?" అంది.

"ఎక్కడికి?"

"ఊరంతా సూసినాది. నాను ఇంట్లో కూకుని సీరియల్ సూసినాను. ఎలాగుందండి అది, పైన?"

అర్జునరావు ముద్ద చేతిలో పట్టుకుని ఆలోచించాడు. ఎత్తు తెలియదు, సెకన్లు తెలియదు, కోణం దొరబాబు చూడనే లేదు.

"బాగుంది," అన్నాడు. "చాలా బాగుంది."

ఈశ్వరి ఇంకో చేప ఆయన పళ్లెంలో వేసి, పూర్తిగా చెప్పమంది.