తూనీగ ఆఖరున వచ్చిన రోజు

మా మరదలి కూతుర్ని అందరూ తూనీగ అంటారు. ఆ పేరు పెట్టింది నా భార్య. కాలేజీ రిలే జట్టులో చివరి వంద మీటర్లూ తూనీగవే. అయితే ప్రతి సబ్జెక్టులో నలభై మార్కులు రానివాళ్లను పోటీలకు పంపకూడదని కాలేజీ నియమం. తూనీగకు స్టాటిస్టిక్స్‌లో ఇరవై రెండు వచ్చాయి. మళ్లీ రాసే పరీక్ష బుధవారం, పోటీ శనివారం.

ఆదివారం పొద్దున్నే కోచ్ ఆమెను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"మాస్టారూ, ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పారు. దీని బుర్రలోకి ఇంకో పద్దెనిమిది మార్కులు ఎక్కించండి చాలు. ఇది లేకపోతే నా జట్టు మూడు కాళ్ల మంచమే."

"బుర్రకి తాళం పడింది పెదనాన్నా. తాళంచెవి నా దగ్గరా లేదు," అంది తూనీగ.

బల్ల దగ్గర రెండు కుర్చీలు. నా భార్య పోయి నాలుగు నెలలు. ఆమె కుర్చీ అప్పటినుంచీ బల్ల కిందికి నెట్టే ఉంది. తూనీగ దాన్ని చప్పున లాక్కుని కూర్చుంది.

పాత జవాబు పత్రం తిరగేశాను. చేసిన లెక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి. మిగతా పేజీలు తెల్లగా ఉన్నాయి.

"ఇవి రావా?"

"వచ్చు."

"మరి?"

తూనీగ గోళ్లు చూసుకుంది. "పక్క వరుసలో అమ్మాయి పేపరివ్వడానికి లేచింది. నాకంటే ముందు ఎవరు లేచినా నా కాళ్లు ఆగవు. పరుగున వెళ్లి ముందు నేనే ఇచ్చేశాను."

"ఫస్టొచ్చావన్నమాట."

"ఎప్పుడూ నేనే ఫస్ట్."

కోచ్ తల పట్టుకున్నాడు. "ముందు నువ్వే ఉండాలని మూడేళ్లు నూరిపోశాను. అది నా మెడకే చుట్టుకుంది."

అందుకే నేను లెక్కలు చెప్పలేదు, కూర్చోవడం నేర్పాను. ఎదురుగా కూర్చుని నేనూ అదే పేపరు రాసి, మధ్యలో లేచేవాణ్ణి. మొదటిరోజు నాతోపాటే లేచింది. రెండోరోజు రెండు చేతులతో కుర్చీని పట్టుకుని పళ్లు బిగించింది. మూడోరోజు నేను లేచి, టీ పెట్టుకుని, తాగి వచ్చేసరికి జవాబులు సరిచూసుకుంటోంది.

బుధవారం పరీక్ష గది బయట కోచ్, నేను నిలబడ్డాం. గంట కొట్టారు. ఒక్కొక్కరే వచ్చేస్తున్నారు. తూనీగ జాడ లేదు.

"నిద్రపోలేదు కదా మాస్టారూ?"

వరండా ఖాళీ అయ్యాక, కాగితాల కట్టతో పరీక్షాధికారిణి బయటికి వచ్చింది. "ఆ అమ్మాయి చేతిలోంచి పేపరు లాక్కోవాల్సి వచ్చిందండీ," అంది.

వెనకే తూనీగ. ముఖమంతా నవ్వే. "ఆఖరున వచ్చాను పెదనాన్నా. అందరూ నన్ను దాటి వెళ్తుంటే ప్రాణం పోయిందనుకో. అయినా లేవలేదు."

శుక్రవారం నోటీసు బోర్డులో ఆమె పేరు ఎదురుగా డెబ్భై ఒకటి ఉంది.

శనివారం రిలే కర్ర తూనీగ చేతికందేసరికి మా జట్టు మూడో స్థానంలో ఉంది. కోచ్ నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఇక్కడ కూడా ఆఖరున రమ్మని చెప్పలేదు కదా మాస్టారూ?"

"చెప్పలేదు," అనేలోపే తూనీగ ఇద్దరినీ దాటేసి గీత మీద పడింది. నేను నవ్వుతున్నానని కోచ్ చెబితేగాని నాకు తెలియలేదు.

సాయంత్రం పతకం మెడలో వేసుకునే మా ఇంటికి వచ్చింది. అడక్కుండానే ఆ కుర్చీ లాక్కుని కూర్చుంది. పుస్తకాలేమీ తేలేదు.

"ఆకలేస్తోంది పెదనాన్నా," అంది.

ఇద్దరికీ వంట మొదలుపెట్టాను.