రాబిన్ అడగని గింజలు

“మొగుడికి పెట్టడానికి తీరదు గానీ, పిట్టలకి పెట్టడానికి ఎక్కడలేని తీరిక!” అన్నాడాయన, ఆమె పెట్టిందే నములుతూ. నోరు ఖాళీ లేకపోయినా మాటకు చోటు చేసుకోగలగడం ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య.

ఆమె మూడు టిఫిన్ డబ్బాల మూతలు బిగించి, సింకులో గిన్నెలు నానబెట్టి, గుప్పెడు గింజలతో పెరట్లోకి వెళ్ళింది. రోజు మొత్తంలో ఆమె పేరు మీద ఉన్నది ఈ పావుగంటే. అందులోకీ కేకలు చొరబడేవి. “ఏమోయ్, నా కళ్ళజోడు!” “అమ్మాయ్, నా మాత్ర!” కళ్ళజోడు ఆయన నెత్తి మీదే, మాత్ర అత్తగారి గుప్పిట్లోనే ఉండేవి. కనిపెట్టడానికి మాత్రం ఈమె కళ్ళే కావాలి.

పిచ్చుకలు వచ్చేవి, పావురాలు వచ్చేవి. రాబిన్ పిట్ట మాత్రం కంచె దిగేది కాదు. ఎర్రటి ఛాతీ విరుచుకుని, అలిగిన కొత్తల్లుడిలా మొహం పక్కకు పెట్టి చూసేది. పేరులో ‘రా’ ఉందే గానీ ఎన్నిసార్లు రా, రా అన్నా రాదు. సన్నవీ లావువీ, నల్లవీ తెల్లవీ, మూణ్ణెల్లు గింజలు మార్చి మార్చి వేసి, చివరికి ఆమెకు గింజుకోవడమే మిగిలింది.

“పొగరు దానికి,” తేల్చేశారు అత్తగారు. “పెట్టింది తినాలి. మనింట్లో ఎవరైనా ఏరుకు తింటామా?”

అందరూ ఏరుకునే తింటారు. ఏరగా మిగిలింది ఆమె కంచంలోకి వస్తుంది.

ఓ సాయంత్రం ఉద్యోగం నుంచి వస్తూ పిట్టల మేత కూడా అమ్మే మొక్కల దుకాణంలో రాబిన్ సంగతి అడిగింది. దుకాణం నడిపే ఆవిడ పకపకా నవ్వింది.

“రాబిన్‌కి గింజలేంటి తల్లీ! అది పురుగులు తినే పిట్ట. ఎండు పురుగులు నానబెట్టి పెట్టు. మూణ్ణెల్లుగా దానికేం కావాలో కనుక్కోకుండానే పెడుతున్నావా?”

ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుని, రోజుకు అరవైసార్లు “మీకేం కావాలండీ?” అని అడగడమే ఆమె ఉద్యోగం. పళ్ళు నూరుతూ వచ్చేవాళ్ళను కూడా పళ్ళన్నీ కనపడేలా నవ్వుతూ అడుగుతుంది. ఇంటికొచ్చి మళ్ళీ అదే అడుగుతుంది. ఇంత అడిగే మనిషి పిట్టను అడగడం మరిచిపోయింది. సరే, పిట్టకు నోరు లేదు. నాకుందిగా, నన్నెవరడిగారు? పోనీ ఎవరో అడిగారే అనుకో, ఏం చెప్తాను? బస్సు కిటికీ పక్కన కూర్చుని ఎంత తవ్వుకున్నా ఏమీ తగల్లేదు. తనకేమిష్టమో తనకే గుర్తులేదు! దిగాల్సిన స్టాపు దాటిపోయాక ఒక్కటి దొరికింది, చిన్నది. చక్కెర లేని టీ. పెళ్ళికి ముందు అలాగే తాగేది. ఈ ఇంట్లో టీ అందరికీ ఒకే గిన్నెలో, అత్తగారి నాలుక కొలతతో మరుగుతుంది. తనొక్కదానికోసం ఇంకో గిన్నె ఎందుకులే అనుకుంది. అలా అనుకుని ఇరవై రెండేళ్ళు.

మర్నాడు నానబెట్టిన పురుగులు పళ్ళెంలో పెట్టింది. రాబిన్ దిగింది! తిని, తోక ఎగరేసి, ఇంకా ఏవీ అన్నట్టు చూసింది. ఆమె పళ్ళేన్ని రోజుకో అడుగు తన కుర్చీ వైపు జరుపుతూ వచ్చింది. పదిహేనో రోజు పళ్ళెం తీసేసి, పురుగులతో అరచెయ్యి చాపింది. చేయి కదపకుండా, ఏ పనీ చేయకుండా అంతసేపు కూర్చోవడం ఆమెకు పిట్ట నేర్పిన విద్యే.

రాబిన్ వచ్చి వేళ్ళ మీద వాలింది. బరువే లేదు, గోళ్ళ చల్లదనం తప్ప.

“ఏమోయ్, టీ!” గుమ్మంలోంచి కేక.

ఆమె కదల్లేదు. “పొడి పై అరలో ఉంది,” అంది, పిట్ట బెదరనంత మెల్లగా. “నాక్కూడా పెట్టండి. చక్కెర లేకుండా.”

ఆయన గుడ్లప్పగించాడు. “నువ్వు చక్కెర లేకుండా తాగుతావా? ఎప్పట్నించి?”

“మీరు అడిగినప్పట్నించి.”

కాసేపటికి లోపల గిన్నెలు ఒకదాని మీదొకటి దభేలున పడ్డాయి. రాబిన్ ఎగరలేదు. ఆమె కూడా లేవలేదు.