తిరగేసిన చీర

దసరా వెళ్లిన నాలుగో రోజు సారయ్య మగ్గం గుంతలోంచి లేచి, చేతులు దులుపుకుని, "ఈ చీర దిగంగనే మగ్గం ఇప్పేస్త" అన్నాడు. బుధవారం బస్సుకు భివండి పోతాడట. అక్కడ పవర్‌లూమ్ షెడ్డులో ఉన్న బావమరిది రమ్మని రెండేళ్లుగా పోరుతున్నాడు. గుంత పూడ్చి పైన బండలు పరిస్తే ఇంట్లో ఇంకో మంచం పడుతుందని కూడా చెప్పాడు. ఆ మంచం మీద ఎవరు పడుకోవాలో మాత్రం చెప్పలేదు.

యాదలక్ష్మికి ఒళ్లు మండింది. పెళ్లయినప్పటి నుంచీ ఆ మగ్గం ఇద్దరిదీ. చీర ఒళ్లంతా ఆయన నేస్తాడు. కొంగు దగ్గరికి రాగానే లేచి ఆమెకు జాగా ఇస్తాడు. తల మీద చల్లకుండ పెట్టుకుని నడిచే గొల్లభామల్ని ఒక్కో పోగూ వేలితో ఎత్తుతూ ఆమె నేస్తుంది. ఇప్పుడు ఆయనొక్కడే బస్సెక్కితే గొల్లభామలేం కావాలి, తనేం కావాలి? అడిగితే "బతకాలె గద" అంటాడు. ఆ ఒక్క ముక్కతో మగవాళ్లు ఎన్ని మాటలు తప్పించుకుంటారో లెక్కే లేదు.

ఆమె దగ్గర ఒక కార్డు ముక్క ఉంది. కిందటి నెల హైదరాబాదు నుంచి స్వరాజ్యలక్ష్మి అనే ఆవిడ నేతగాళ్ల సొసైటీకి వచ్చినప్పుడు ఇచ్చింది. చేనేత చీరల దుకాణం నడుపుతుందట. సిద్దిపేటలో ఆరుగురు నేతగాళ్లను ఎంచుకుని ఏడాది పొడవునా పని ఇస్తానంది. నేసిన చీరవి మూడు ఫొటోలు, నాలుగు మాటలు రాసి శనివారం సాయంత్రం అయిదింటిలోపు మెయిల్ చేయమంది. వాట్సాప్‌లో పంపితే పోగులు స్పష్టంగా కనిపించవు కాబట్టి వద్దంది. ఆ ఆరుగురిలో తమ పేరుంటే సారయ్య ఆగుతాడు. లేకపోతే బుధవారం బస్సు. యాదలక్ష్మికి ఈ లెక్క ఎవరూ చెప్పనక్కర్లేదు.

గురువారం ఆమె ఫోన్ కొన్న దుకాణానికి పోయింది.

"నీ ఫోన్ల మెయిల్ ఉండనే ఉందక్కా. అమ్మేటప్పుడు నేనే చేసిచ్చిన" అన్నాడు దుకాణం గజేందర్, ఏదో దానం చేసినవాడిలా. తెరిచి చూపించాడు. అందులో ఆమె పేరు 'గజేందర్ మొబైల్స్ 212'.

"నేను నేసిన చీర నీ దుకాణం పేరు మీద ఎందుకు పోవాలె?" అంది యాదలక్ష్మి.

గజేందర్ కొత్త ఫోన్ కవర్ల డబ్బా ముందుకు తోశాడు. ఒకటి తీసుకోమన్నాడు.

ఇక మిగిలింది రమాకాంత్. ముప్పైనాలుగేళ్లు పోస్టుమాన్‌గా చేసి దిగిపోయిన మనిషి, అదే వాడకట్టు. ఫోన్లు లేని కాలంలో భివండి పోయిన మగవాళ్లు రాసిన ఉత్తరాలన్నీ ఆయనే తెచ్చేవాడు, చదువురాని ఇళ్లలో ఆయనే చదివి వినిపించేవాడు. ఎదురింటి లింగవ్వకైతే పదకొండేళ్లు చదివాడు. 'వచ్చే దసరాకు వస్త' అన్న మాటతోనే ప్రతి ఉత్తరమూ ముగిసేది. పన్నెండో ఏట ఉత్తరాలు ఆగాయి. లింగవ్వ మొగుడు రాలేదు. లింగవ్వ ఇప్పటికీ సాయంత్రం కాగానే గడపలో కూర్చుంటుంది, అలవాటు.

శుక్రవారం పొద్దున్నే యాదలక్ష్మి ఫోన్ చాపితే రమాకాంత్ రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. "నేను ముట్ట చెల్లె. నీ ఉత్తరం నీ చేతితోనే పోవాలె. ఎట్లనో చెప్త, చెయ్యి."

పేరు కొట్టింది. ఫోన్ పుట్టిన తేదీ అడిగింది. ఆధార్ కార్డులో జనవరి ఒకటి. ఆ వాడకట్టులో సగం మంది ఆడవాళ్లు జనవరి ఒకటినే పుట్టారు, ఆ రోజు మంత్రసానికి అన్నం తినే తీరిక కూడా దొరికి ఉండదు. తర్వాత మెయిల్‌కు పేరు పెట్టుకోమంది. యాదలక్ష్మి అని పెడితే అది ఇంకెవరో తీసేసుకున్నారంది.

"నా పేరు ఇంకెవలు పెట్టుకున్నరన్నా?"

"లోకంల నువ్వొక్కదానివేనా? పక్కన ఇంకేమన్నా తగిలియ్యి."

ఆమె కాసేపు ఆలోచించి, పక్కన ఒక చుక్క పెట్టి, మగ్గం అని ఇంగ్లీషు అక్షరాల్లో కలిపింది. అలాంటి పేరు లోకంలో ఇంకెవరికీ అక్కర్లేకపోయింది. ఫోన్ వెంటనే ఒప్పుకుంది.

పాస్‌వర్డ్ దగ్గరికి వచ్చేసరికి రమాకాంత్ లేచి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. "అయినంక చెప్పు, మల్లుత" అన్నాడు. యాదలక్ష్మికి నవ్వాగలేదు. చల్లకుండ దగ్గర ఎన్ని పోగులెత్తాలో, నడుము దగ్గర ఎన్నో, పాదం దగ్గర ఎన్నో ఆ అంకెలన్నీ వరసగా కొట్టి, ముందు ఒకటి రెండు అక్షరాలు చేర్చింది. కాగితం మీద రాసుకునే పని లేదు. ఆ అంకెలు ఆమె వేళ్లు మర్చిపోవు.

ఫోన్‌కు ఆరంకెల మెసేజ్ వచ్చింది, అదీ కొట్టింది. పెట్టె తెరుచుకుంది. పైన ఆమె పేరు, గుండ్రటి బొట్టులో ఒక అక్షరం. కార్డు మీది అడ్రసును ఒక్కో అక్షరం పైకి చదివించి మరీ కొట్టించాడు రమాకాంత్. "చుక్క తప్పితే ఇంకోలింటికి పోతది చెల్లె" అని మూడుసార్లన్నాడు.

"పిన్ను లెక్క ఉన్నది జూడు, గది ఒత్తి ఫొటోలు తగిలియ్యి" అని చెప్పి మళ్లీ గోడవైపు తిరిగాడు. ఫొటోలు నిన్న సాయంత్రమే తీసి పెట్టుకుంది. మగ్గం మీదున్నదానికి ముందు దిగిన చీరను మంచం మీద ఎండలో పరిచి, శ్రద్ధగా తీసింది. మూడూ తగిలించి, ఇద్దరి పేర్లతో నాలుగు మాటలు రాసి, పంపింది. పెద్దమనిషి ఒక్క చూపు చూసి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. ఆయన మర్యాదే కొంప ముంచింది.

శనివారం మధ్యాహ్నం మూడు దాటాక రమాకాంత్ ఆ దారినే పోతూ ఆగాడు. "జవాబొచ్చిందా?"

"రాలేదన్నా. పొద్దటిసంది ఫోన్ పక్కనే పెట్టుకున్న."

"పెట్టె తీసి చూసినవా?"

"తీసుడెందుకు, వస్తే తెలుస్తది గద?"

"నేను తెచ్చి నీ చేతిల పెడ్తననుకున్నవా? నేను రిటైరైన చెల్లె." ఫోన్ మూల చూసి తల పట్టుకున్నాడు. నెట్ ఎక్కువ ఖర్చవుతుందని ఆమె డేటా ఆపి పెట్టుకుంది.

డేటా పెట్టగానే టంగుమంది. నిన్న సాయంత్రమే వచ్చిన జవాబు. 'మీరు పంపినవి చీర వెనకవైపు ఫొటోలు. పొరపాటున పంపినట్టున్నారు. రేపు అయిదింటిలోపు ముందువైపువి పంపగలరు.' కింద ఆఫీసులో పనిచేసే అమ్మాయి ఎవరిదో పేరు.

యాదలక్ష్మి ఆ జవాబును రెండోసారి చదివింది. ఆ వాడకట్టులో ఎవరి చీర ఎవరు చేతికి తీసుకున్నా ముందు తిరగేస్తారు. ముడులూ, తెగి అతికిన పోగులూ దొరికేది అక్కడే. బొమ్మ వెనక శుభ్రంగా ఉంటేనే "మంచిగ నేసినవ్" అంటారు, ముందువైపు తర్వాత చూస్తారు. ఆమె చీరను ఎండలో తిరగేసి పరిచింది అందుకే. తను చూపించగలిగినదాంట్లో గొప్పది అదేననుకుంది.

"ఆ చీర తే, మల్ల తీద్దువు" అన్నాడు రమాకాంత్.

"పొద్దుగాల మా ఆయన సొసైటీల ఇచ్చొచ్చిండు."

మూడూ నలభై. సొసైటీ శనివారం రెండింటికే మూస్తారు. యాదలక్ష్మి లోపలికి చూసింది. మగ్గం మీద ఆఖరి చీర ఉంది, కొంగులో అయిదు గొల్లభామలకు మూడు అయ్యాయి. సారయ్య గుంతలో కూర్చుని తెగిన పోగు అతుకుతున్నాడు. ఆమె పోయి పక్కన నిలబడింది.

"చేతులు గట్లనే పెట్టు. కదలకు."

"నన్నెందుకు తీస్తున్నవ్?"

"నిన్ను గాదు. నీ చేతులు అడ్డమొస్తున్నయ్, రానీ."

సారయ్య చేతులు పోగు మీదే ఆపాడు. కిటికీ తలుపు బార్లా తీసి మూడు ఫొటోలు తీసింది. తర్వాత గడపలో కూర్చుని ఒక్క వేలితో రాయడం మొదలుపెట్టింది. ఏడో తరగతి తర్వాత ఆమె ఎవరికీ ఉత్తరం రాయలేదు. రమాకాంత్ అరుగు మీద కూర్చుని వీధి వైపే చూస్తూ టైము మాత్రం చెబుతున్నాడు.

'అమ్మా, నమస్తే. నేను పొరపాటున పంపలేదు. మా దగ్గర చీర చేతికిస్తే ముందు తిరగేసి చూస్తరు. ఎనక ముడి లేదని చూపెట్టెతందుకు అట్ల తీసిన. ఆ చీర సొసైటీకి పోయింది. ఇప్పుడు మగ్గం మీదున్నదాన్ని ముందు దిక్కు పంపుతున్న. మాకు ఇది ఆఖరి చీర. బుధవారం మా ఆయన భివండి పోతున్నడు. ఉంటే బాగుండునని నాకున్నది. యాదలక్ష్మి.'

చివరి మాట తుడిచేద్దామనుకుంది. సిగ్గేసింది. కానీ నిజం అదే, తుడిస్తే మిగిలేదేమీ లేదు. నాలుగూ యాభై రెండుకు పంపింది.

ఆదివారం గడిచింది. సోమవారం కొంగు పూర్తయింది, చీర దిగింది. ఈ మూడు రోజులూ యాదలక్ష్మి డేటా ఆపలేదు. పొయ్యి దగ్గర ఒకసారి, నల్లా దగ్గర ఒకసారి పెట్టె తీసి చూస్తూనే ఉంది. పెట్టెలో గజేందర్ మొబైల్స్ వాడి దీపావళి ఆఫర్ తప్ప ఏమీ లేదు, అది ఏ దారిన దూరిందో దేవుడికే తెలియాలి. మంగళవారం సాయంత్రం సారయ్య బ్యాగు సర్ది, గుంతలోకి దిగి మగ్గం తాళ్లు విప్పడం మొదలుపెట్టాడు. మొదటి తాడు వదులైన చప్పుడు పొయ్యి దగ్గరున్న ఆమెకు వినిపించింది.

అప్పుడు ఫోన్ టంగుమంది.

ఆమె తెరిచి చూసింది. ఒక్కో అక్షరం ఇంకో అక్షరం మీదికి ఎక్కుతున్నట్టుంది, కళ్లు నిలవలేదు. ఫోన్ పట్టుకుని వీధిలోకి ఉరికింది. రమాకాంత్ అరుగు మీదే ఉన్నాడు.

"అన్నా, జర సదువు. నాతోని అయితలేదు."

ఆయన చేతులు మళ్లీ వెనక్కి పోయాయి. "నీ పేరు మీదొచ్చింది. నువ్వే సదువు. మెల్లగ సదువు."

వీధి మధ్యలో నిలబడి యాదలక్ష్మి పైకి చదివింది. 'యాదలక్ష్మి గారికి, ముప్పై ఎనిమిది మంది ఫొటోలు పంపారు. చీర వెనకవైపు చూపించింది మీరొక్కరే. మా అమ్మాయి పొరపాటనుకుంది. నేను పెద్దగా చేసి చూశాను, ఒక్క ముడి దొరకలేదు. ఆరుగురిలో మీ ఇద్దరి పేర్లు రాసుకున్నాను. గురువారం మీ ఇంటికి వస్తాను. అప్పటిదాకా మగ్గం విప్పకండి. మీ ఆయనను ఉండమనండి. స్వరాజ్యలక్ష్మి.'

రమాకాంత్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఈ వీధిలో ముప్పైనాలుగేళ్లు ఉత్తరాలు చదివాడు. మనిషిని ఉండమన్న ఉత్తరం ఆయన చేతికి ఒక్కటీ రాలేదు.

ఎదురు గడపలోంచి లింగవ్వ మెడ చాపింది. ఆమె ఎప్పుడు విన్నదో ఎవరూ చూడలేదు. "పోతలేడన్నట్టా?" అని అడిగింది.

"ఉండమన్నరవ్వా."

లింగవ్వ గడప దిగి దగ్గరికి వచ్చింది. "ఇంకోపారి సదువు బిడ్డా" అంది.

యాదలక్ష్మి మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. ఇంట్లో తాడు బిగిస్తున్న చప్పుడవుతోంది. వెంటనే గుంతలోంచి సారయ్య గొంతు వినిపించింది.

"ఈపారి జర గట్టిగ సదువు. గీడికి ఇనొస్తలేదు."