గడ్డను కాల్చే సూది

పక్కింటి మనోహర్ పెండ్లాం లత ఎవ్వలకో చెప్పిందట. బుచ్చవ్వ ఒంట్లకు ఇనుము ఎక్కిచ్చిండ్రట, బీడీ ఆకు కత్తిరిస్తాంటె కత్తెర పోయి ఆమె రొమ్ముకు అతుక్కున్నదట. రాయికల్‌ల బీడీలు చేసే ఆడోళ్లు పనిగట్టుకొని వచ్చి కత్తెర పెట్టి చూసిండ్రు. అతుక్కోలే.

"అంత ఇనుముంటె పాత సామాన్లోనికి అమ్ముకుందును గదనే" అని బుచ్చవ్వనే నవ్వింది.

అప్పటికి ఆమెకు ధీమా ఉండె. రొమ్ముల గడ్డ క్యాన్సరే అని తేలినంక సిరిసిల్ల దవాఖానల ఆపరేషన్‌కు తారీఖు ఇచ్చిండ్రు. గంతల్నే విశ్వజిత్ దొర ఇంటికచ్చిండు. ఊరి దొర మదన్ మోహన్ రావు కొడుకు. హైదరాబాద్‌ల డాక్టరు, కొత్త సూది మీద పరిశోధన చేస్తాండు. బుచ్చవ్వ అత్త బతికినన్ని రోజులు వాళ్ల గడి ఊడ్చింది. ఆ ఇంటాయన వచ్చి వీళ్ల రేకుల ఇంట్ల మంచం మీద కూసునుడు ఎన్నడన్న ఉన్నదా?

"కంటికి కనవడనంత సన్నటి ఇనుప రజను, బుచ్చవ్వా. గడ్డ కాడికి పోయి ఆగుతది. స్కానింగ్‌ల గడ్డను చూపెడతది. బయటికెళ్లి అయస్కాంతం పెడితె వేడెక్కి దాన్ని కాలుస్తది" అన్నడు.

"కోసుడు ఉండదా దొరా?"

"అందుకే గద ఇంత కష్టపడుతున్నం."

కోరుట్లల డిగ్రీ చదివిన కొడుకు సతీశ్ దొర ఇచ్చిన నాలుగు పేజీల ఒప్పుకోలు కాగితం ఆసాంతం చదివి, "వేలిముద్ర ఎయ్యే అవ్వా" అన్నడు. వేసింది. ఆపరేషన్‌కు వస్తలేమని సిరిసిల్లకు ఫోన్ చేసింది గూడ వాడే. ఆ నెలనే వానికి విశ్వజిత్ దగ్గర నౌకరి దొరికింది. గడ్డలున్నోళ్లను ఒప్పిచ్చి తోల్కచ్చుడు వాని పని.

రెండు నెలల్ల మూడు సూదులు వేసిండ్రు. మొన్న జగిత్యాల స్కానింగ్ సెంటర్ల మూడో బొమ్మ తీసినంక విశ్వజిత్ కుర్చీలకెళ్లి లేశిండు.

"ఇంత సాఫ్‌గ ఇప్పటిదాక ఎవ్వలకు రాలే" అని సంబురంగ బుచ్చవ్వను కంప్యూటర్ కాడికి పిలిచిండు. మొదటి బొమ్మల గడ్డ చింతగింజంత ఉన్నది. గీ మూడో బొమ్మల నిమ్మకాయంత.

"పెరిగిందా దొరా?"

"పెరిగింది."

"మరి కాల్చుడు ఎప్పుడు?"

విశ్వజిత్ సతీశ్ దిక్కు చూసిండు. "నువ్వు చెప్పలేదా?"

సతీశ్ టేబుల్ మీది కాగితాలు సర్దవట్టిండు.

"కాల్చుడు మనుషులకు ఇంకా మొదలు పెట్టలే, బుచ్చవ్వా. ఎలుకలకే చేస్తున్నం. నీకు వేసింది బొమ్మ తీసేటందుకే. ఆపరేషన్ ఆపుకోవద్దని గూడ కాగితంల రాసిచ్చినం."

"ఇంటికచ్చిననాడు గా ముచ్చట చెప్పకపోతిరి."

"అన్నీ కాగితంల ఉన్నయి" అని విశ్వజిత్ మళ్ల బొమ్మ దిక్కు తిరిగిండు.

బుచ్చవ్వ కొడుకును అడిగింది. "చదివినవా?"

"చదివిన."

"గా ముచ్చట ఉండెనా అండ్ల?"

"మూడో పేజీల ఉండె. చెప్తె నువ్వు రాకపోదువు. నువ్వు రాకపోతె సారు నాకు నౌకరి…" అన్నడు. దగ్గరికచ్చి ఆమె చెయ్యి పట్టుకోబోయిండు. "రేపే సిరిసిల్ల పోదామవ్వా. డాక్టర్ల కాళ్లన్న మొక్కి మళ్ల తారీఖు ఇప్పిస్త."

బుచ్చవ్వ చెయ్యి ఇయ్యలే.

"నువ్వు రాకు. చదివింది చదివినట్టు చెప్పేటోళ్లను తోల్కపోత."