ఏ గడి స్పష్టంగా ఉంది?

"పాత మిల్లు వీధి, ఇల్లు ముప్ఫై మూడు" అని నేను మైకులో చదివాను. తెర మీద నాకు కనిపించింది అదే.

అంబులెన్సులు పంపే గది మాది. ఎదుటి వరసలో వాళ్ళు ఫోనెత్తి, విన్నది టైపు చేస్తారు. ఆ చిరునామా నా తెర మీదికి వస్తుంది. నేను దాన్ని పైకి చదివి డ్రైవరుకు చెబుతాను. గది మొత్తానికీ వినపడేలా చదవడం మా దగ్గర పద్ధతి. మనసులో చదువుకుని గొణిగితే మేడమ్ ఊరుకోరు. "చదువు, విందాం" అంటారు వెనకనుంచి.

మేడమ్ అంటే గదికి పెద్ద. ఇంట్లో నాకు వదిన, మా ఆయనకు స్వయానా అక్క. తల్లి పోయాక ఆయన్ని పెంచింది ఆవిడే. గుమ్మం దాటి లోపలికొస్తే మాత్రం వదినా గిదినా జాన్తా నై. నేనూ అందరిలాగే మేడమ్ అనాల్సిందే.

"ఆ ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదంటున్నారు. ముసలావిడ తలుపు తీసి తిడుతోంది" అన్నాడు డ్రైవరు, అక్కడికి చేరాక.

 అదే క్షణంలో వెనకనుంచి మేడమ్ గొంతు వినిపించింది. ఆవిడ చెవిలో అందరి ఫోన్లూ మోగుతూనే ఉంటాయి. "ముప్ఫై మూడు కాదు, ముప్ఫై ఎనిమిది! ఫోన్లో ఆ అమ్మాయి ఇప్పుడే మళ్ళీ చెప్పింది. బండి తిప్పమను!"

ముప్ఫై ఎనిమిదిలో ఒకాయన గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఫోనులో ఆయన కూతురు. ఆ ఫోనెత్తింది చిలక. వాగుడు ఆపదు కాబట్టి ఆ పేరు పెట్టాం. అలాంటి చిలక కూడా "వస్తోందమ్మా, వచ్చేస్తోంది" తప్ప మరో మాట లేకుండా కూర్చుంది.  చాలాసేపటికి డ్రైవరు గొంతు వచ్చింది. "ఎక్కించాం. ఊపిరాడుతోంది. బయల్దేరుతున్నాం."

గదిలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నేను తప్ప.

మేడమ్ వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డారు. "కళ్ళు ఎక్కడ పెట్టుకుని చదివావు?"

"తెర మీదే పెట్టుకున్నాను మేడమ్" అన్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఎంత భయంలోనైనా.

"అయితే భోజనాల తర్వాత ఆ సీటు దిగు. రేపు ఎలాగూ అందరికీ కళ్ళ పరీక్ష. పాసైతే మళ్ళీ ఎక్కు. లేదంటే పాత కాగితాల గదిలో కూర్చుందువుగాని. ఇంట్లో మనిషివని ఊరుకుంటే రేపు ఎవరి ప్రాణమో పోతుంది."

తిట్టినందుకు కాదు, ఆవిడ చెప్పింది నిజమైనందుకు నాకు ఏడుపొచ్చింది. కొన్నాళ్ళుగా నాకు తెర మీద అక్షరాలు మసకగానే ఉన్నాయి. తడి గుడ్డ మీద సిరాలాగా అంచులు పాకుతున్నట్టుంటాయి. మూడూ ఆరూ ఎనిమిదీ అన్నీ ఒకే కడుపున పుట్టినట్టు కనిపిస్తాయి. మా అమ్మకూ ఇలాగే మొదలైంది. ముందు అక్షరాలు పోయాయి, తర్వాత దీపం, చివరికి నా ముఖం. చూపు పోతోందని మా ఆయనతో కూడా అనలేదు. అంటే అది వదిన చెవిన పడుతుంది, సీటు పోతుంది. ఈ పని తప్ప నాకు ఇంకేదీ ఇంత బాగా రాదు. ఇంత ఇష్టమూ లేదు.

భోజనాల వేళ అయింది. తల పగిలిపోతుంటే సంచిలోంచి మాత్రల అట్ట తీశాను. వెనక ఏదో చీమ తలకాయలంత అక్షరాలు. అలవాటుగా చదివేశాను. ఎండలో పెట్టకూడదట, పిల్లలకు అందకుండా ఉంచాలట. కింద కంపెనీ చిరునామా, పిన్‌కోడుతో సహా. ఒక్క అంకె కూడా అలుక్కుపోలేదు.

మళ్ళీ చదివాను. అట్టను దూరంగా పెట్టి చదివాను. ఆ తర్వాత నాకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ ఊరికే ఏడ్చానా?

పరుగులాంటి నడకతో గదిలోకి వెళ్ళి, నా తెరకు ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేశాను. ప్రతి అక్షరానికీ ఓ పక్క ఎర్రటి అంచు, మరో పక్క నీలపు అంచు, చుట్టూ బూడిద రంగు. కెమెరాకు మా అమ్మ జబ్బు రాదు కదా!

అప్పుడు తలెత్తి గదిని చూశాను. రోజూ చూసే గదే. చిలక ముక్కు తెరకు తగలబోతోంది. నా పక్క సీటాయన, నెరిసిన మీసాల వల్ల మాకందరికీ బాబాయి, కుర్చీని గోడదాకా లాక్కుని కళ్ళు చికిలిస్తున్నాడు. ఆ చివర టేబులు మీద కళ్ళ చుక్కల సీసా ఉంది. ఇంతమందిమి, తేలు కుట్టిన దొంగల్లా ఎవరి బాధ వాళ్ళు దిగమింగుకుని కూర్చున్నాం.

"ఎవరెవరికి తెర మసకగా కనిపిస్తోంది?" అని అడిగాను.

 బాబాయి కీబోర్డు కేసి చూస్తున్నాడు.

"పరీక్ష భయం నాకూ ఉంది. పొద్దున నా వల్ల ఒకాయన చచ్చిపోయేవాడు. రేపు మీలో ఎవరి వల్లో! దాచుకోకండి, మీకు దండం పెడతాను."

బాబాయి గొంతు సవరించుకున్నాడు. "కొత్త తెరలు వచ్చినప్పటినుంచీ నాకు అంతేనమ్మా. శుక్లాలొచ్చాయేమో అనుకున్నా."

"నేనైతే రోజూ క్యారెట్లే తింటున్నా" అంది చిలక. "ఒళ్ళు పసుపు రంగులోకి తిరిగింది గానీ ఒక్క అక్షరం తేటపడలేదు."

నవ్వొచ్చింది, కానీ నవ్వడానికి టైము లేదు. కంప్యూటరు సహాయం పేజీ తెరిచి చదివాను. అక్షరాల అంచులు మెట్లు మెట్లుగా కనిపించకుండా, చుట్టూ లేత రంగు చుక్కలు వేసి నున్నగా చేస్తుందట. ఫాంట్ స్మూతింగ్ అంటారట దాన్ని. అది సరిపడా ఉంటే అక్షరం చెక్కినట్టుంటుంది, ఎక్కువైతే అలుక్కుపోతుంది. ఎంత కావాలో కంప్యూటరు మనల్నే అడుగుతుంది. ఒకే వాక్యాన్ని కొన్ని గడుల్లో చూపించి, ఏది స్పష్టంగా ఉందో నొక్కమంటుంది. మా గదిలో ఎవరు ఏ సీటులో కూర్చున్నా అన్నీ ఒకేలా ఉండాలని, అలాంటివన్నీ మేడమ్ సీటులో ఒక్కసారి పెడితే అందరికీ వచ్చేస్తాయి. అంటే కొత్త తెరలు వచ్చిన రోజు గడి నొక్కింది మేడమే.

"సీటు దిగమన్నాను కదా" అంటూ ఆవిడ లోపలికొచ్చారు.

"తప్పు కళ్ళది కాదు మేడమ్. తెరది." ఫొటో ఆవిడ ముఖం ముందు పెట్టాను.  "నాకొక్కదానికే కాదు, అందరికీ మసకగానే ఉంది. అడగండి."

ఆవిడ ఫోను కేసి చూసి, వెంటనే తల తిప్పుకున్నారు. బాబాయి తలూపాడు. చిలక మళ్ళీ క్యారెట్ల సంగతి చెప్పబోయింది. మేడమ్ చేయెత్తి ఆపారు. ఆవిడ మొండిది కాదు. "నా సీటులో పెట్టిందే అయితే నేనే సరిచేస్తాను. రండి, చూడండి" అని తన కుర్చీలో కూర్చున్నారు. ఫోను మోగని వాళ్ళమంతా వెనక చేరాం.

తెర మీద గడులు వచ్చాయి, రెండు వరసలుగా. మూడో గడిలో అక్షరాలు సూదితో గీసినట్టున్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆఖరి గడిలోవి ఉబ్బిపోయి, ఎర్రగా నీలంగా పొగలు కక్కుతున్నాయి. పొద్దున నన్ను ముంచిన అక్షరాలు అవే.

ఇక మేడమ్ ఆ మూడో గడి నొక్కడమే ఆలస్యం. నొక్కగానే ఏమనాలో కూడా సిద్ధం చేసుకున్నాను. అందరి ముందూ సీటు దిగమన్నారు కదా, అందరి ముందే అనాలి.

ఆవిడ ముందుకు వంగారు. బాణం గుర్తు మూడో గడి మీదుగా ఆగకుండా వెళ్ళిపోయింది. ఆఖరి గడి మీద ఆగింది. నొక్కారు.

"ఇదే. మిగతావన్నీ ఎండకు వెలిసిపోయినట్టున్నాయి" అన్నారు.

 బాబాయి నా కేసి చూశాడు. ఇంకో పేజీ వచ్చింది, మళ్ళీ గడులు. ఆవిడ వెతికి వెతికి మళ్ళీ అన్నిటికన్నా మందంగా, మసకగా ఉన్నదే నొక్కారు.

"ఏం, అందరికీ నోళ్ళు పడిపోయాయా?"

చదువు, విందాం. ఇన్నేళ్ళూ దాన్ని దర్పం అనుకున్నాం. ఇంట్లో మా ఆయన చేత ఫోనులో మెసేజీలు చదివించుకుంటుంటే తమ్ముడి మీద పెత్తనం అనుకున్నాను. లోలోపల ఎన్నిసార్లు తిట్టుకున్నానో! పొద్దున నా తప్పు పట్టింది కూడా చెవులతోనే.

నేను సిద్ధం చేసుకున్న మాట నోటిదాకా వచ్చింది. ఒక్క మాటతో లెక్క సరిపోతుంది. కానీ నాకు మా అమ్మ గుర్తొచ్చింది. గోడ పట్టుకుని నడుస్తూ, ఏం లేదే, బాగానే కనిపిస్తోంది అనేది. 

"వదినా" అన్నాను. ఆ గదిలో ఆ మాట అనడం అదే మొదటిసారి. "మొదటి పేజీకి వెనక్కి వెళ్ళి, పై వరసలో మూడో గడి చూడండి. అందులో ఏం రాసుందో ఒక్కసారి చదవండి."

ఆవిడ వెనక్కి వెళ్ళి చూశారు. తెరకు దగ్గరగా జరిగి చూశారు. 

"నువ్వు చదువు, విం..."

సగంలో ఆగిపోయారు. మౌస్ మీద ఉన్న వేళ్ళు మెల్లగా ముడుచుకున్నాయి.

అప్పుడే ఫోను మోగింది. చిలక పరిగెత్తి అందుకుంది. మిగతావాళ్ళు ఎవరి సీట్ల వైపు వాళ్ళు ఉరికారు. చిరునామా మేడమ్ తెర మీదికీ వచ్చింది, అదే ఉబ్బిన అక్షరాలతో. డ్రైవరు లైనులో ఉన్నాడు. "ఎక్కడికి మేడమ్? మేడమ్?"

ఆవిడ లేచి నిలబడ్డారు. చెవిలోని ఇయర్‌ఫోను తీసి నా చెవికి పెట్టి, భుజాలు పట్టుకుని తన కుర్చీలో కూర్చోబెట్టారు.

"ఆ మూడో గడి ముందు నొక్కు."

నొక్కాను. గదిలోని తెరలన్నిటి మీదా అక్షరాలు ఒక్కసారిగా తేటపడ్డాయి.

"ఇప్పుడు చదువు" అన్నారు. ఆ తర్వాత ఇంకెవరికీ వినపడకుండా, "నాకు కనిపించడం లేదే అమ్మాయీ. చాన్నాళ్ళయింది" అన్నారు.

నేను గది మొత్తానికీ వినపడేలా చదివాను. వంతెన వీధి, ఇల్లు ఎనభై ఆరు, మూడో అంతస్తు. డ్రైవరు సరేనన్నాడు. ఆవిడ చేయి ఇంకా నా భుజం మీదే ఉంది.

"ఎనభై ఆరేనా? సరిగ్గా చూశావా?" అని నన్ను అడిగారు.

"ఎనభై ఆరే వదినా" అన్నాను.