నిండు చెంబు

చెంబు నిండా నీళ్లు పట్టుకుని వీధి చివర కరెంటు స్తంభం దాకా వెళ్లాలి. అక్కడ ఇంటివైపు తిరిగి నిలబడాలి. ఆయన బండి స్టార్ట్ చేసిన చప్పుడు వినగానే నడవడం మొదలుపెట్టాలి. సరిగ్గా మా గేటు ముందు ఆయనకు ఎదురుపడాలి. ముఖం నవ్వుతూ ఉండాలి, చెంబులోంచి చుక్క ఒలకకూడదు. పదకొండేళ్లుగా నేను చేస్తున్న పని ఇది. జీతం వచ్చే నా నర్సు ఉద్యోగం దీని తర్వాతే మొదలవుతుంది.

మా ఆయన లక్ష్మణ్ బొగ్గుబాయిలో పనిచేస్తాడు. షిఫ్టు ఏదైనా ఎదురు నేనే రావాలి. మధ్యాహ్నం షిఫ్టైతే కాలనీ దవాఖానలో పర్మిషన్ అడిగి, ఎండలో పరుగెత్తుకొచ్చి, చెంబు నింపుకుని, ఆయన్ని పంపి మళ్లీ పరుగెత్తాలి. "వనజ మొగుని పానం చెంబుల పెట్టుకోని తిరుగుతది" అని తోటి నర్సులు నవ్వుతారు. జ్వరమొచ్చినా వెళ్లాను. తొమ్మిదో నెల కడుపుతో నడుము పట్టుకుని వెళ్లాను. అత్తమ్మకు భర్త లేడు కాబట్టి ఆమె ఎదురు రాకూడదట. అందుకని గడపలో నిలబడి నేను సరిగ్గా వస్తున్నానో లేదో చూస్తుంది.

ఇదంతా ఒక్కరోజుతో మొదలైంది. పదకొండేళ్ల కింద మా చెల్లెలి శ్రీమంతానికి చొప్పదండి వెళ్లాను. ఆ రోజే బాయిలో పైనుంచి బొగ్గు పెళ్ల రాలి ఆయన పాదం మీద పడింది. రెండు వేళ్లు విరిగాయి. నేను బస్సు దిగి ఇంట్లో అడుగు పెట్టానో లేదో, అత్తమ్మ అందుకుంది. "నాకు పొద్దుగాలనే మనసుల కొట్టింది. ఎదురొచ్చే మనిషి లేకపాయె, గిట్లయిపాయె." పొద్దున నాకు చీర మడతలు సర్ది, మంచిగ పోయిరా బిడ్డా అని పంపింది ఆవిడే. ఆ మాట అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆయన మాత్రం కట్టు కట్టిన కాలు చూసుకుంటూ "నువ్వుంటే గిట్ల గాకపోవు" అన్నాడు. కోపంగా అనలేదు, ప్రేమగానే అన్నాడు. కోపంగా అని ఉంటే ఎదిరించేదాన్నేమో. ప్రేమగా అన్నాడు కాబట్టి నమ్మాను.

ఆ నమ్మకానికి రెండు ప్రమోషన్లు పోయాయి. హెడ్ నర్సుగా వెళ్లమని కాగితం వచ్చిన రెండుసార్లూ "ఇంటి పరిస్థితుల వల్ల వెళ్లలేను" అని రాసిచ్చాను. నా కింద పనిచేసిన పిల్లలు ఇప్పుడు నా పైన ఉన్నారు. ఈ సోమవారం మూడోసారి కాగితం వచ్చింది. ఆదిలాబాద్ వైపు పెద్ద దవాఖాన. అక్కడే ఉండి, ఆదివారాలు ఇంటికి రావాలి. శుక్రవారంలోగా చెప్పాలి, ఈసారి కాదంటే ఇక మళ్లీ అడగం అన్నారు. బిడ్డ గురుకులంలో ఆరో తరగతి చదువుతోంది, తన గురించి బెంగ లేదు. అన్నం తింటున్న ఆయనకు ఆ కాగితం చూపించాను.

"పో. నేను వద్దంటున్ననా?" అన్నాడు, కంచంలోంచి తల ఎత్తకుండా. "కని బాయిల దిగేటోని పానం నీ చేతుల ఉన్నదని యాదికుంచుకో."

ఇంతకంటే గట్టిగా వద్దనడం ఎవరికీ చేతకాదు.

గురువారం దవాఖానలో పాత దెబ్బల రిజిస్టర్లు కంప్యూటర్‌లోకి ఎక్కించే పని పడింది. నేను చదువుతుంటే, కొత్తగా చేరిన రిదా టైపు కొడుతోంది. తేదీ, పేరు, ఏ దెబ్బ, ఎన్ని కుట్లు. ఈ రిజిస్టర్లతో నాకు పాత పరిచయమే. అమాస రోజున దెబ్బలు ఎక్కువ పడతాయని మా కాంపౌండర్ ఇస్తారి ఎప్పుడూ వాదిస్తాడు. ఒకసారి ఏడాది రిజిస్టర్ ముందేసి, అమాసకూ మామూలు రోజులకూ తేడా ఏమీ లేదని చూపించి ఆయన్ని నవ్వులపాలు చేశాను. అంత తెలివిగలదాన్ని నేను!

మధ్యాహ్నానికల్లా లక్ష్మణ్ పేరు నాలుగుసార్లు వచ్చింది. మొదటిది ఆ పాదం దెబ్బ. నేను ఊళ్లో లేను కాబట్టి అది వేరేవాళ్ల చేతిరాత. మిగతా మూడూ నా చేతిరాతే.

బొటనవేలు నలిగిన రోజు బిడ్డ మొదటి పుట్టినరోజు. కొత్త చీర కట్టుకుని ఎదురొచ్చాను. సాయంత్రం అత్తమ్మ ఏమందో కూడా గుర్తొచ్చింది. "చెంబు నిండ లేకుండె, నేను జూసిన." మోకాలి దెబ్బ రోజు, "నవ్వుకుంట రాలే" అంది. కనుబొమ్మ చీలి ఐదు కుట్లు పడ్డ రోజు నేను నవ్వుతూనే వచ్చాను, చెంబూ నిండుగానే ఉంది. అప్పుడేమో, "నువ్వు ఎదురొచ్చినవ్ కాబట్టి కన్ను దక్కింది" అంది. దెబ్బ తగలకపోతే నా ఎదురు మహిమ. తగిలితే నా ఎదురులో లోపం. కొంచెంలో తప్పిపోతే మళ్లీ మహిమే. ఇంకో సంగతి, నెలకు మూడు రోజులు నన్ను ముందు గదిలోకే రానివ్వరు. ఆ రోజుల్లో ఆయనకు ఎవరూ ఎదురు రారు. అలాంటి రోజులు ఇప్పటికి మూడొందలైనా ఉంటాయి. ఆ తేదీల్లో ఆయన పేరు ఎక్కడా లేదు. ఆ మాట మా ఇంట్లో ఎవరికీ తోచలేదు.

అత్తమ్మను అని ఏం లాభం? ఆ బొటనవేలికి కట్టు కట్టింది నేను. ఈ రిజిస్టర్‌లో రాసింది నేను. రాసి, ఇంటికొచ్చి, మర్నాటి నుంచి చెంబు అంచుదాకా నింపడం మొదలుపెట్టిందీ నేనే.

"ఏమైందక్కా, ఆగిపోయినవ్?" అంది రిదా.

చెప్పాను. ఎవరికీ చెప్పనిదంతా ఆ పిల్లకు చెప్పాను. "మా అమ్మీ గూడ గంతే అక్కా. నేను పాసైతే ఆమె దువా, ఫెయిలైతే నా సెల్‌ఫోన్" అంది.

నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే ఏడుపూ వచ్చింది. ఎంత అలసిపోయానో అప్పుడు తెలిసింది నాకు. కాళ్లు కాదు అలసింది. ఒక మనిషి ప్రాణం నావల్లే పోతుందేమోనని పదకొండేళ్లు భయపడీ భయపడీ అలసిపోయాను.

శుక్రవారం నాడు ఆ కాగితం మీద, వెళ్తానని సంతకం పెట్టాను. ఆయన దిగేది బాయిలోకి, ఎప్పుడేం జరుగుతుందో ఎవరికీ తెలియదు. నేను లేనప్పుడు ఏదైనా జరిగితే జనం నన్నే అంటారు, ఈ రిజిస్టర్ ఎవరూ తెరిచి చూడరు. నేను కూడా నన్నే అనుకుంటానేమో. అదంతా తెలిసే పెట్టాను.

శనివారం పొద్దున ఆయన బండి స్టార్ట్ చేశాడు. నేను యూనిఫాం వేసుకుని, జడ వేసుకుంటూ గేటు దగ్గరే నిలబడ్డాను. ఆయన వీధి చివరికి చూశాడు, తర్వాత నా ఖాళీ చేతులకేసి చూశాడు.

"చెంబేది?"

గడపలోంచి అత్తమ్మ అందుకుంది. "ఓ వనజా, టైమైతుంది బిడ్డా. వాడు బాయిల దిగాలె. ఎదురు రాకుంటె ఎట్లనే?"

ఎన్ని చెప్పాలనుకున్నానో. తేదీలన్నీ నోటికి వచ్చు. కానీ వాళ్లిద్దరి ముఖాల్లో ఉన్నది నిజమైన భయం. అది చూశాక తేదీలు చెప్పబుద్ధి కాలేదు. జడ చివర రబ్బరు బ్యాండు వేసుకుని, బ్యాగు భుజాన తగిలించుకున్నాను.

"అత్తమ్మా, ఇన్నేండ్ల సంది నేను గూడ దినాం డ్యూటీకి పోతున్న, మంచిగనే తిరిగొస్తున్న" అన్నాను. "నాకెవ్వరు ఎదురొచ్చిండ్రు?"